సున్నపుకంచెలో తెల్ల గీత

రాత్రి పదకొండు దాటాక సున్నపుకంచె అనే బీడు మీదుగా పోయేవాళ్లు రెండే రకాలని ఆ చుట్టుపక్కల చెప్పుకుంటారు. ఒళ్లు తెలియకుండా తాగినవాళ్లు, గనిలో రెండో షిఫ్టు ముగించుకుని ఇంటికి పోయేవాళ్లు. మొదటి రకం వాళ్లకు దెయ్యం ఎదురొచ్చినా పట్టింపు ఉండదు. రెండో రకం వాళ్లు మాత్రం కంచె రాగానే బండి చప్పుడు పెంచుతారు. ఎందుకంటే అక్కడి దెయ్యం కనబడదు... వినబడుతుంది.

టక్... టక్... టక్.

ఎవరో నేలను తడుతున్నట్టు. కాసేపు ఆగుతుంది. నాలుగు బారల అవతల మళ్లీ — టక్... టక్...

తెల్లారి పోయి చూస్తే నేల మీద తెల్లటి గీత ఉంటుంది. ముగ్గుపిండితో గీసిన గుండ్రటి గీత. ఒకటి మంచమంత, ఒకటి ఎడ్లబండి అంత. మధ్యలో నిమ్మకాయ లేదు, కుంకుమ లేదు, కోడి ఈక లేదు. ఉత్త గీత. నిమ్మకాయ ఉంటే ఎవరో ఏదో చేశారని తిట్టుకుని ఊరుకునేవాళ్లు. ఏమీ లేకపోవడంతోనే జనానికి వణుకు పుట్టింది.

మహదేవపూర్ పోయే తొవ్వలో ఉంటుంది ఈ కంచె. ఒకప్పుడు అక్కడ సున్నం కాల్చేవాళ్లు. పైన నిలువెత్తు ఇసుక, కింద సున్నపురాయి, ఆ రాయిలో ఎక్కడ ఏ బొక్కలున్నాయో దేవుడికే తెలియాలి. వానాకాలం వాగు పొంగితే నీళ్లన్నీ ఆ ఇసుకలోకి దిగి మాయమయ్యేవట. ముసలివాళ్లు అక్కడ ఇల్లు కాదు గదా, గొర్రెల దొడ్డి కూడా వెయ్యలేదు.

మరి అలాంటి చోట నలభై ఇళ్ల కాలనీ ఎందుకు కట్టినట్టు? గట్టి నేల లేక కాదు. రోడ్డుకు అవతల ఎర్రటి గట్టి నేల యాభై ఎకరాలుంది. దానికి పట్టాలున్నాయి, పట్టాల మీద పెద్ద పేర్లున్నాయి. కంచెకు ఎవరి పేరూ లేదు. పేదోళ్ల ఇళ్లే కదా, ఇసుక మీద నిలబడితే చాలనుకున్నారు. ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇళ్లు కట్టిన మేస్త్రీ పేరు యాకయ్య. జనగామ వైపు తరిగొప్పుల నుంచి భార్య శోభను తీసుకుని పనికి వచ్చాడు. అతను గోడలు కడితే ఆమె మాల్ కలిపేది. మాల్ అంటే ఇటుకల మధ్య పెట్టే ఇసుక, సిమెంటు కలిపిన ముద్ద. ముప్పై తొమ్మిది ఇళ్లు బాగానే లేచాయి. నలభయ్యో ఇల్లు, జనం ఇంకా దిగకముందే, ఒక వానరాత్రి నేలలోకి దిగిపోయింది.

తప్పు ఎవరో ఒకరిది కావాలి కదా. కాంట్రాక్టరు నర్సింగరావు కారు దిగీ దిగకముందే అనేశాడు, "మేస్త్రీ సిమెంటు తిన్నడు" అని. ఇంజనీరు ఉమేష్ పక్కన నిలబడి తల ఊపాడు. ఆయన ఎందుకు ఊపాడో తర్వాత గానీ తెలియలేదు.

యాకయ్యకు ఆ మాట తగలరాని చోట తగిలింది. "నా మాల్ చూడుండ్రి సారు, ఒక్క ఇటుకన్న ఊడిందేమో చూడుండ్రి" అంటూ నడుముకు తాడు కట్టుకుని, తాపీ పట్టుకుని గుంతలోకి దిగాడు. పైన తాడు పట్టుకున్నది శోభే. కింద గోడను తట్టి చూస్తున్న చప్పుడు వినబడింది. అంతలో ఒడ్డు విరిగింది. ఇసుక కదా, ఒక్కసారిగా జారింది. తాడు మాత్రం శోభ చేతుల్లోకి తేలిగ్గా వచ్చేసింది.

శవం తీయలేదు. తీయడానికి దిగేవాళ్లు లేరన్నారు. మూడు రోజులు టిప్పర్లతో మొరం మట్టి తెచ్చి అతని మీదే పోశారు. కాగితంలో "మేస్త్రీ నాసిరకం పని" అని రాశారు. మిగతా ముప్పై తొమ్మిది ఇళ్లకు రిబ్బన్లు కత్తిరించి ఫొటోలు దిగారు. శోభ ఊరికి పోలేదు. ఆ మొరం దిబ్బకు కొంచెం అవతల రేకుల గుడిసె వేసుకుని అక్కడే ఉండిపోయింది.

ఆ ఏడాది నుంచే ఆ చప్పుడు మొదలైంది.

ఇక యుగేందర్ సంగతి. ముప్పై ఏడో నంబరు ఇల్లు అతనిది. భూపాలపల్లి గనిలో కాంట్రాక్టు కూలీ. ఇరవై ఎనిమిదేళ్లవాడు, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంట్లో తల్లి చిలుకమ్మ, భార్య లత, నాలుగు నెలల పాప. దయ్యాల మీద అతనికి పెద్దగా నమ్మకం లేదు. ఇళ్లు కట్టించిన ఆఫీసు వాళ్ల మీద అంతకన్నా లేదు.

ఎందుకంటే ఆ ఇంటి గోడకు పాప పుట్టకముందే నెర్రె వచ్చింది. మొదట వెంట్రుకంత. తర్వాత వేలు పట్టేంత. దర్వాజ పడదు, పడితే రాదు. నాలుగుసార్లు ఆఫీసుకు పోయాడు. నాలుగుసార్లూ ఉమేష్ ఒకటే మాట చెప్పాడు, "ప్లాస్టరింగు చేపిచ్చుకో, కొత్త ఇల్లు జర సర్దుకుంటది" అని. ఇల్లు సర్దుకోవడమేమిటో యుగేందర్‌కు అర్థం కాలేదు. కోపం మాత్రం బాగా అర్థమైంది, దాన్ని ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

ఇంకో విచిత్రం ఆ ఇంటి ఇంకుడుగుంత. వాడిన నీళ్లు పోవడానికి ప్రతి ఇంటి ముందూ గుంత తవ్వించారు కదా, అందరివీ వానాకాలం నిండి పొర్లేవి. యుగేందర్ వాళ్లది ఏనాడూ నిండలేదు. ఎన్ని నీళ్లు పోసినా గుటుక్కున మింగేది. కాలనీలో ఇదే మంచి గుంత అని ఆఫీసు వాళ్లు చిలుకమ్మకు శాలువా కప్పి ఫొటో తీశారు. ఆ ఫొటోను ఆమె గోడకు తగిలించింది, సరిగ్గా నెర్రె మీద.

వినాయకచవితి ఇంకో వారం ఉందనగా, ఒక పొద్దున చిలుకమ్మ వాకిలి ఊడవడానికి బయటికి వచ్చి అక్కడే కూలబడింది.

గడప ముందు గీత. తెల్లగా, గుండ్రంగా. ఇన్నాళ్లూ కంచెలోనే ఉండే గీత ఇప్పుడు ఇంటి ముందుకు వచ్చింది.

"కొడుకా..." అంది. "పసిపిల్ల ఉన్న ఇల్లు చూసుకున్నదిరా."

ఆ సాయంత్రమే గోదావరి అవతలి నుంచి మంత్రగాణ్ణి పిలిపించారు. ఆయన గీత చుట్టూ తిరిగి, మట్టి వాసన చూసి, మూడు సాయంత్రాలు ఇరవయ్యొక్క బిందెల పసుపునీళ్లు గీత మధ్యలో పొయ్యాలన్నాడు. నీళ్లు నిలవకుండా నేల తాగేస్తే దోషం పోయినట్టేనని గుర్తు కూడా చెప్పాడు.

నేల తాగింది. బిందె తర్వాత బిందె, చుక్క మిగలకుండా తాగింది. చిలుకమ్మ నడుం పట్టేసినా ఆపలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు బోరు కొట్టి బిందెలు అందించారు. నీళ్లు ఇంకుతున్నకొద్దీ అందరూ దండం పెట్టుకున్నారు. కంచెలో గీత కనబడ్డప్పుడల్లా కాలనీ వాళ్లు చేస్తూ వచ్చింది కూడా ఇదే.

"గిది దయ్యం పని కాదురా," అంది చిలుకమ్మ రెండో రోజు రాత్రి కొడుకు చెవిలో. "గా శోభ పని. మొగని పీనుగ దొరకలే కద. పీనుగకు బదులు పసిదాని పానం అడుగుతాంది. రాత్రులు చేతుల నిండ తెల్లపిండి పూసుకొని తిరుగుతదట. పక్కింటి టీక్యా పెండ్లాం చూసింది."

దయ్యమైతే చేసేదేముంది, కానీ మనిషైతే చెయ్యి అందుతుంది. యుగేందర్ ఇన్నాళ్ల కోపానికీ ఒక ముఖం దొరికింది. మర్నాడు షిఫ్టుకు పోతూ బండికి ఒక ఇనుప రాడ్డు కట్టుకుని పోయాడు.

ఆ రాత్రి పదకొండున్నరకు కంచె దగ్గర బండి ఆపాడు. లైటు తీసేశాడు.

చీకటి చిక్కగా ఉంది. రోజంతా సన్నగా పడిన వాన అప్పుడే ఆగింది. ఒక్క కీచురాయి కూడా అరవడం లేదు. చెప్పులు విడిచి, రాడ్డు పట్టుకుని, ఇసుకలో నాలుగడుగులు వేశాడు.

టక్...

ఆగిపోయాడు.

టక్... టక్...

ఎడమ పక్కన, మొరం దిబ్బకు ఇవతల. ఏదో వంగి ఉంది. కదిలింది. మోచేతుల దాకా తెల్లటి చేతులు, తెల్లటి ముఖం. మిగతా ఒళ్లంతా చీకట్లో కలిసిపోయి, ఆ చేతులూ ముఖమూ ఒంటరిగా గాలిలో తేలుతున్నట్టు ఉన్నాయి. యుగేందర్ వెనక్కి పరుగెత్తాలనే అనుకున్నాడు. పాప గుర్తొచ్చింది. కోపం కాళ్లను నిలబెట్టింది.

రాడ్డు ఎత్తి మీదికి పోయాడు.

"ఆగు," అంది ఆ ముఖం, మెల్లగా. "కొడ్తే కొట్టు గని, గక్కడ నిలబడి కొట్టకు. పక్కకు జరిగి కొట్టు."

యుగేందర్ రాడ్డు గాలిలోనే ఆగింది. చేతబడి చేసేవాళ్లు ఇలా మాట్లాడతారని అతనికి ఎవరూ చెప్పలేదు.

"నువ్వు... శోభవే కద."

"నేనే. కాలు ఎనుకకు తియ్యి తమ్మీ. నీ కాళ్లకింద ఏం లేదు."

"నా బిడ్డను ఏం చేద్దామనుకున్నవ్? మా ఇంటి ముంగట గీత గీసి, ఏం చేద్దామనుకున్నవ్? సంపుత. నిన్ను గీడనే పాతిపెడ్త."

ఆమె భయపడలేదు. చేతిలో ఉన్నది పైకెత్తి చూపించింది. తుప్పుపట్టిన తాపీ. దాని కర్రపిడి వైపు తిప్పి వంగి, నేలను తట్టింది. టక్. రెండడుగులు జరిగి మళ్లీ తట్టింది. టక్.

"నీ చేతుల రాడ్డున్నది కద," అంది. "కొట్టు. నన్ను తర్వాత కొట్టు, ముందుగాల భూమిని కొట్టు."

ఎందుకు కొట్టాడో యుగేందర్‌కే తెలియదు. కోపంతోనే కొట్టాడు. ఒకసారి ఆమె నిలబడ్డ చోట. ఒకసారి తన కాళ్ల ముందు.

చేతులకు ముందు తెలిసింది.

గనిలో షిఫ్టు మొదలయ్యేముందు చేసే మొదటి పని, నెత్తి మీది కప్పును రాడ్డుతో తట్టి చూడటం. గట్టి కప్పు ఖంగుమంటుంది. లోపల విడిపోయిన కప్పు తడిసిన డప్పులా డొల్లగా మోగుతుంది. ఆ మోత వినబడితే ఎవరూ ఎవరినీ అడగరు, పనిముట్లు అక్కడే పడేసి బయటికి పరుగెత్తుతారు. ఆరేళ్లుగా రోజూ నెత్తి మీద వింటున్న మోత అది. ఇప్పుడు కాళ్లకింద విన్నాడు. వెనక్కి జరిగాడు.

"సమజైందా," అంది శోభ. ఆమె గొంతులో ఏడుపు లేదు, మంట ఉంది. "ఒకటికి ఆరు పాళ్లు నేను కలిపిన మాల్. గీ చేతులతోని. నా మొగడు సిమెంటు తిన్నడని రాసినప్పుడు మాల్ ఎవలు కలిపిండ్రని ఒక్కలన్న అడిగిండ్రా? నేనే పోయి చెప్పిన. ఆడిదానికి ఏం తెలుసన్నరు."

"భూమి పరీక్ష చేసిండ్రు కద... కాగితం ఉన్నదట."

"ఉన్నది. యాకయ్య చూసిండు గా కాగితం. దాని మీద మా జనగామ దిక్కు నర్మెట్ట బడి పేరున్నది. గక్కడి ఎర్ర మొరం భూమికి చేసిన పరీక్షను జిరాక్సు తీసి గిక్కడ పెట్టిండ్రు. 'సారూ, నర్మెట్ట మట్టిని చూసి గీ ఇసుకల ఇండ్లు కడ్తరా' అని యాకయ్య అడిగిండు. నీ పని నువ్వు చెయ్యి అన్నడు ఉమేష్ సారు. వారం తిరగలేదు, ఇల్లు దిగింది."

యుగేందర్ పళ్లు పటపట కొరికాడు. నాలుగుసార్లు తాను ఆ మనిషి ముందే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పగటిపూట చెప్తే పిచ్చిదన్నరు," అంది శోభ. "సరేలే అని రాత్రిపూట తట్టి చూసి, డొల్ల ఉన్న కాడల్ల ముగ్గు పోసిన. ఇల్లు కట్టేటప్పుడు పునాదికి పోస్తం చూడు, గదే ముగ్గు. కట్టుమని కాదు, అటు పోవద్దని పోసిన. గది జూసి దయ్యమన్నరు. పోసిన కాడల్ల నీళ్లు గుమ్మరిచ్చి కడిగిండ్రు."

నీళ్లు అన్న మాటకు యుగేందర్ తలెత్తాడు.

"నీళ్లు పోస్తే... ఏమైతది?"

"కింద బొక్కలున్నయి. నీళ్లు పోతే ఇసుకను గుంజుకొని పోతయి. పైన చూస్తే ఎట్లున్నది గట్లనే ఉంటది. లోపల ఏముండదు." ఆమె అతని ముఖంలోకి చూసింది. "ఎందుకట్ల చూస్తున్నవ్? ఎన్ని నీళ్లు పోసిండ్రు?"

"ఇరవయ్యొక్క బిందె. మూడొద్దులు... రోజు గంతే."

"మీ ఇల్లు ఏది?"

"ముప్పై ఏడు."

శోభ చేతిలోని ముగ్గుడబ్బా కింద పడిపోయింది. నలభయ్యో ఇల్లు దిగిన వరుసే అది. "పిల్ల ఏడ పండుకున్నది?"

యుగేందర్ అప్పటికే పరుగెత్తుతున్నాడు.

కాలనీ అంతా నిద్రలో ఉంది. ఇంటి ముందు బల్బు వెలుగుతోంది. దర్వాజను తోశాడు, రాలేదు. భుజంతో గుద్దాడు. కదలలేదు. చౌకట్టు ఒక పక్కకు ఒరిగి తలుపును పంటితో పట్టినట్టు పట్టేసింది.

"లతా." గట్టిగా అరిస్తే ఏమవుతుందో అన్న భయంతో కిటికీ దగ్గర నోరు పెట్టి మెల్లగా పిలిచాడు. "లతా... లే. చప్పుడు చెయ్యకు. పాపను ఎత్తుకో. అవ్వను లేపు. గోడ పొంటి నడువు. నడిమిట్ల అడుగు పెట్టకు."

"ఏమైందయ్యా? దయ్యమా?"

"దయ్యం కాదు. ఇల్లు."

లోపల ఏదో గిన్నె దొర్లింది. దొర్లుతూ... దొర్లుతూ ఇంటి మధ్యకు పోయి ఆగింది. సాపుగా ఉండాల్సిన నేల మీద గిన్నె దానంతట అది దొర్లుతోంది. అది విన్నాక యుగేందర్‌కు ఒళ్లు తెలియలేదు. రాడ్డుతో కిటికీ పక్క గోడను బాదడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, ఐదు, పది. ప్లాస్టరు రాలింది. ఇటుక కదలలేదు. నాసిరకం పని అని కాగితంలో రాసిన గోడ, రాడ్డు వంగినా ఒక్క పెళ్ల ఇవ్వలేదు.

శోభ ఆయాసపడుతూ వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"గోడ ఇయ్యదు. గది యాకయ్య కట్టింది. చౌకట్టును కొట్టు. కర్ర నర్సింగరావు పంపింది."

చౌకట్టును కొట్టాడు. రెండు దెబ్బలకు పుచ్చుపట్టిన కర్ర పొట్టుపొట్టుగా రాలింది. తలుపు లోపలికి పడింది. లత పాపను ఛాతీకి అదుముకుని గోడకు వీపు ఆనించి ఒక్కో అడుగు జరుగుతూ వస్తోంది. పాప నిద్రలేచి, ఏడవకుండా, బల్బు వైపు చూస్తోంది. వెనక చిలుకమ్మ. శాలువా ఫొటో కోసం ఆమె చెయ్యి చాపబోతే యుగేందర్ ఆ చేతినే పట్టుకుని బయటికి లాగాడు.

ఎనిమిది ఇళ్ల వాళ్లను లేపారు. అందరూ రోడ్డు మీదికి వచ్చారు. ఏమైంది, ఏమైంది అని అడుగుతున్నారు. చెప్పడానికి ఇంకా ఏమీ కాలేదు. ఇల్లు అలాగే ఉంది.

తర్వాత దిగింది.

కూలలేదు. విరగలేదు. గనిలోకి లిఫ్టు దిగినట్టు నిటారుగా, నిదానంగా దిగింది. గడప పోయింది, కిటికీ పోయింది, బల్బు వెలుగుతూనే కిందికి పోయింది. తీగ తెగినప్పుడు మాత్రం ఒక్క మెరుపు వచ్చింది. ఇల్లున్న చోట చీకటి మిగిలింది. ఆ చీకట్లోంచి చాలాసేపు ఇసుక జారుతున్న చప్పుడు... ఎవరో బియ్యం చెరుగుతున్నట్టు.

లత రోడ్డు మీద కూర్చుని పాపకు పాలు పట్టింది.

తెల్లారి తొమ్మిదింటికి ఉమేష్, నర్సింగరావు ఒకే కారులో వచ్చారు. జనం గుంత అంచున నిలబడి ఉన్నారు. కింద రెండు నిలువుల లోతులో ఇల్లు నిలబడి ఉంది. తలుపు ఊడిన దర్వాజలోంచి చూస్తే పాత నెర్రె ఉన్నది ఉన్నట్టే ఉంది. దాని మీద ఫొటో తగిలించినట్టే ఉంది. నాలుగు మూలలూ కూడా మేస్త్రీ కలిపినట్టే కలిసి ఉన్నాయి. చూసినవాళ్లందరికీ అర్థమైంది. రెండేళ్లుగా ఒక చచ్చిపోయిన మనిషిని దొంగ అంటూ వచ్చారు. శోభ వైపు చూడటానికి ఎవరికీ ముఖం చెల్లలేదు.

ఉమేష్ గుంతలోకి ఒకసారి తొంగిచూసి వెనక్కి వచ్చాడు. "నీళ్లు ఎవలు పోయమన్నరు? మీ మూఢనమ్మకాలతోని మీరే ఇల్లు ముంచుకున్నరు. గిదే రాస్త."

యుగేందర్‌కు నెత్తురు నెత్తికెక్కింది. "రాయి. నీళ్లు పోసింది మేమే, తప్పు మాదే, రాసుకో. నీళ్లు తాగే గుంతకు శాలువా కప్పింది ఎవలో గది గూడ రాయి. నర్మెట్ట కాగితం గురించి రాయి. రెండేండ్ల సంది నా పెండ్లాన్ని, పుట్టిన కాడికెల్లి నా పిల్లను గాలి మీద పండవెట్టినవు సారూ. గట్ల అని రాయి."

"కాగితం... ఏ కాగితం?" అన్నాడు నర్సింగరావు, ఉమేష్ వైపు చూడకుండా.

ఉమేష్ ముఖం ఎర్రబడింది. మాట మార్చాడు. "ముందుగాల ఎట్ల తెలిసింది మీకు? ఎవలు చెప్పిండ్రు?"

"శోభక్క చెప్పింది," అన్నాడు యుగేందర్. జనంలోకి పోయి ఆమె ముందు నిలబడ్డాడు. రాత్రి ఆమె మీదికి ఎత్తిన చెయ్యి అది, ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "మీరు జీతం తీసుకొని చెయ్యని పరీక్ష గీమె ఒక్కతి చేసింది. ఊరంత దయ్యమని తిట్టినా చేసింది. మూడొద్దుల కిందనే మా గడప ముంగట గీత గీసి పోయింది. మాకే బుద్ధి లేక కడుక్కున్నం. తప్పైందక్కా."

శోభ అతని వైపు వింతగా చూసింది.

"ఏ గడప ముంగట?"

"మా గడప ముంగట. ముప్పై ఏడు."

"నేను కంచెల పోసిన. ఆరు పోసిన, గంతే." ఆమె గొంతు తగ్గింది. "మీ గల్లీకి నేను ఎన్నడూ రాలే తమ్మీ. వస్తే కొడ్తరని భయం. రాత్రి నువ్వు చెప్పేదాక మీ ఇల్లు ఏదో గూడ నాకు తెల్వది. గది నేను పోసింది కాదు."

చిలుకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లత పాపను ఇంకొంచెం దగ్గరికి తీసుకుంది. శోభ మొరం దిబ్బ వైపు చూస్తూ ఉండిపోయింది. రెండేళ్లలో మొదటిసారి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏంది గీ కథలు?" అన్నాడు ఉమేష్, అందరూ తన వైపు చూడటం మానేశారన్న ఉక్రోషంతో. "దయ్యం లేదు, ఏం లేదు. ఒక్క ఇల్లు పోతే భూమి మొత్తం డొల్ల అన్నట్టా? నేను నిలబడ్డ కాడ చూడుండ్రి. ఎంత గట్టిగున్నదో చూడుండ్రి."

బూటు కాలు ఎత్తి నేలను తొక్కాడు. మళ్లీ ఎత్తి ఇంకోసారి తొక్కాడు.

ఆయన తొక్కింది రెండుసార్లే. కింద నుంచి బదులు వచ్చింది మూడుసార్లు.